మెడ దగ్గర విరిగిన కడ్డీ

బొట్టు తుడవడానికి నీలవేణికి చేతులు రాలేదు.

దసరా వెళ్లిన మర్నాడు. నాచారం పారిశ్రామికవాడలో సగం షట్టర్లు ఇంకా తెరుచుకోలేదు. లోహాలను పరీక్షించే ఈ ల్యాబుకు మాత్రం పండగ సెలవంటూ ఉండదు, కొలుములు వెలుగుతూనే ఉండాలి. ఆమె ముందు స్టీలు ట్రేలో, తెల్లగుడ్డ మీద, వేలెడు పొడవున్న లోహపు కడ్డీ ఉంది. రెండు చివర్లా బోల్టుకు ఉన్నట్టు మర, మధ్యలో సన్నటి నడుము. ఒక చివర, మర ఆగి నడుము మొదలయ్యే మెడ దగ్గర, నూనెలో తడిపిన సిందూరపు బొట్టు. పెట్టింది తనే. ఆయుధపూజ నాడు మిషన్లకూ స్పానర్లకూ వరసగా బొట్లు పెట్టుకుంటూ వస్తుంటే యజమాని గంగాధరరావు ముచ్చటపడి, "కొత్త రకం పని వచ్చింది గదమ్మా, దానికి సుత ఒకటి పెట్టు, మంచిగైతది" అన్నాడు. పెట్టింది.

గోడ మీద బోర్డును ఆమె రోజూ చూస్తుంది. కడ్డీని ఉత్త చేత్తో తాకరాదు. మార్కర్‌తో గీత కూడా గీయరాదు. అసిటోన్ మందుతో కడగకుండా కొలిమిలో పెట్టరాదు. డిప్లొమా చదివిన మనిషి, ఎందుకో కూడా తెలుసు. అయితే ఈ నిమిషాన ఆమె బుర్రలో బోర్డు లేదు, మొగుడున్నాడు. జగన్ ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాల మీద ఇనుప చువ్వలు కట్టే పని చేస్తాడు. పొద్దున్నే బెల్టు బిగించుకుని అంతెత్తుకు ఎక్కిన మనిషి కిందికి దిగేదాకా ఆమె ప్రాణం ప్రాణంలో ఉండదు. అలాంటిది, పూజలో పెట్టిన బొట్టును తన చేత్తో తానే, మందు పోసి మరీ కడిగెయ్యడమా? చెప్తే నవ్వుతారు. చెప్పకపోతే నవ్వేవాళ్లెవరూ లేరు. పొడిగుడ్డతో పైపైన ఒకసారి ఒత్తి, కంటికి ఎరుపు కనబడకుండా చేసి, అయిపోయిందనుకుంది.

"తెచ్చినవా బిడ్డా?" అని లోపలి నుంచి కొమురెల్లి కేకేశాడు.

ల్యాబు పుట్టినప్పటి నుంచీ ఉన్నవాడు కొమురెల్లి. బరువులు వేలాడదీసే పని ఆయనది. ఆ గదిలో వాళ్లు చేసేదల్లా ఒక్కటే. లోహపు కడ్డీని కొలిమిలో ఎర్రగా కాల్చి, ఒక చివర పైన బిగించి, రెండో చివరను బరువుతో కిందికి లాగించి, ఊరికే చూస్తూ కూర్చోవడం. విమానం ఇంజన్లలో, మంటల మధ్య తిరిగే నికెల్ లోహాలకు వచ్చే రోగం ఒకటుంది. చలికి గట్టిగా ఉన్నది వేడికి మెల్లమెల్లగా సాగుతుంది, కంటికి తెలియకుండా సాగిసాగి ఒకనాడు తెగుతుంది. దాన్ని క్రీప్ అంటారు. ఏ లోహం ఎన్నాళ్లకు తెగుతుందో ముందే తెలిస్తే, దాంతో చేసిన ఇంజను ఆకాశంలో తెగదు.

ఈసారి పోటీ రెండు కడ్డీల మధ్య. ఒకటి పాతకాలపు పద్ధతిలో, దిమ్మను కాల్చి సుత్తుల కింద సాగగొట్టి చేసింది. అది దసరాకు ముందు నుంచే పక్క మిషన్‌లో వేలాడుతోంది. రెండోది లోహపు పొడిని లేజర్‌తో కరిగించి పొర మీద పొర పేర్చి, కాగితం మీద అచ్చు వేసినట్టు వేసింది. అలా అచ్చు వేసినవి రెండే రెండు కడ్డీలు పంపారు. చర్లపల్లిలో కొత్తగా పెట్టిన ఒక చిన్న కంపెనీ వాళ్లు. ఒకటి కవరులో ఉంది. ఒకటి బొట్టు పెట్టించుకుంది.

"పొడితోని కడ్డీ ఏందో, అది ఇంజన్ల పడుడేందో. అంతా సకినాలు చుట్టే పిండి కథ లెక్కుంది" అని కొమురెల్లి నవ్వుతూ కడ్డీని మరలో తిప్పి బిగించాడు. నడుముకు వేడి కొలిచే తీగలు చుట్టి, సాగుడు కొలిచే గడియారం అమర్చి, కొలిమిని దాని చుట్టూ మూశారు. వేడి కుదురుకునేసరికి మధ్యాహ్నం దాటింది. నీలవేణి కొలిమి వెనక మీటర్ల దగ్గర నిలబడింది. ముందువైపు కొమురెల్లి ఇనుప బిళ్లలను ఒక్కొక్కటే ఎత్తి వేలాడే పళ్లెంలో పెట్టాడు. ఆ పని చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది గానీ, అందులోనే ఉంది అంతా. బిళ్ల పళ్లేన్ని తాకిన చప్పుడు కూడా రాకూడదు. ఎర్రగా కాలిన లోహానికి చిన్న కుదుపు చాలు.

"పెట్టిన. రాసుకో" అన్నాడు కొమురెల్లి. గొంతు కాస్త బొంగురుపోయినట్టుంటే, వేడికేమో అనుకుందామె.

రెండు రోజుల తర్వాత, అందరూ డబ్బాలు విప్పుకుని తింటుండగా, లోపల ధన్‌మని చప్పుడైంది.

ఆ చప్పుడు ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. కడ్డీ తెగితే పళ్లెం బిళ్లలతో సహా కింద ఇసుకపెట్టెలో పడుతుంది. కొమురెల్లి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. నీలవేణి చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తింది. పక్క మిషన్‌లో సుత్తి దెబ్బలు తిన్న కడ్డీ నిమ్మకు నీరెత్తినట్టుంది. అచ్చు వేసిన కడ్డీ గడియారం ముల్లు మాత్రం చివరికంటా తిరిగిపోయి ఉంది. వారాల తరబడి ఉండాల్సిన కడ్డీ.

కొలిమి చల్లారాక ముక్కలు తీశారు. నడుము మధ్యలో సాగి తెగి ఉంటే అదొక లెక్క, లోహం గుణం అనుకోవచ్చు. ఇది సాగనే లేదు. మెడ దగ్గర, మర మొదలయ్యే చోట, బెల్లం ముక్క విరిగినట్టు విరిగింది.

గంగాధరరావు భూతద్దం తీసుకుని తిప్పితిప్పి చూశాడు. సర్కారు కొలువు చేసి రిటైరై, వచ్చిందంతా పెట్టి ఈ ల్యాబు పెట్టుకున్న మనిషి. కోపం వస్తే అరవడు, కళ్లద్దాలు తుడుచుకుంటాడు. ఇప్పుడు చాలాసేపు తుడుచుకున్నాడు.

"మెడ కాడ విరిగిందంటే బిగింపన్న వంకర పోవాలె, బిళ్లలన్న కుదుపాలె" అన్నాడు. "కొమురెల్లీ, నీ చేతులు మునుపటోలె లేవని నేను చూస్తనే ఉన్న. టీ గ్లాసు సగం పోయించుకుంటున్నవు, ఎందుకు? ఒలుకుతదని గాదా?"

కొమురెల్లి కిందికి చూస్తూ నిలబడ్డాడు. "ఏమో సార్" అన్నాడు.

"ఏమో అంటే ఎట్ల? చర్లపల్లి మేడంకు నేనేం జవాబు చెప్పాలె? ఎల్లుండి వస్తది. ఆమె ముందు నువ్వుండకు. ఆమె పోయినంక కూసొని మాట్లాడుదాం."

కూర్చుని మాట్లాడుదాం అంటే ఆ ల్యాబులో అర్థం ఏమిటో అందరికీ తెలుసు. లెక్క తేల్చుకుని ఇంటికి పొమ్మని. కాప్రాలో ఒక గదిలో పెళ్లాంతో ఉంటాడు కొమురెల్లి. ఈ వయసులో ఇంకెక్కడ పనిస్తారు? గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టే వాచ్‌మన్ పని తప్ప! నీలవేణికి స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. అలాంటి మనిషి నింద వేస్తే నోరు మూసుకుని నిలబడ్డాడు.

ముక్కలను సంచిలో వేయబోతూ ఆమె భూతద్దం అందుకుంది. అప్పుడు చూసింది. మర గాడిలో, విరిగిన అంచుకు ఆనుకుని, పచ్చగా, గాజు పెంకులా మెరిసే చిన్న మరక. అంత వేడికి నూనె ఏనాడో ఆవిరైపోయి ఉంటుంది. ఎరుపు కూడా ఉండదు. మిగిలేది ఇదే.

సిందూరం. గుడి సిందూరంలో ఉండేది సీసం. బోర్డు మీద రాసిందంతా దేన్ని ఉద్దేశించి రాసిందో అప్పుడు గుర్తొచ్చింది. ఎర్రగా కాలిన నికెల్‌కు సీసం తగిలిందంటే, రేణువుకూ రేణువుకూ మధ్య దూరి లోపల్నుంచి విడగొడుతుంది. ముక్కను గబగబా సంచిలో వేసి మూతి కట్టింది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. తను అట్లా చూడడం తనకే అసహ్యమేసింది.

ఆ సాయంత్రం ఉప్పల్‌లో ఆటో మారి మేడిపల్లి చేరేదాకా ఆమెకు ఒంటి మీద తెలివి లేదు. ఇంట్లో అత్త ఉప్పలమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అత్తమ్మా, నువ్విచ్చిన సిందూరం ఎక్కడిది?"

"అంజన్న గుళ్లెది. పూజారి విగ్రహం మీదికెళ్లి తీసిచ్చిండు. ఏమాయె?"

"ఏం లేదు."

"మిషన్లకు పెట్టినవా మరి? పెట్టిన బొట్టు దానంతటదే పోవాలె గని తుడవద్దు, చెప్పిన గద." ముసలామె కాయల మీద నుంచి తలెత్తింది. "మొకమేంది గట్లున్నది? పిలగాడు ఇంకా రాకపాయె, నువ్వేమో గిట్ల మొకం పెట్టవడితివి. నాకు గుబులైతది."

జగన్ వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. అతనితో చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచి మూసేసింది. చెప్తే అతనేమంటాడు? నీ పని పోతే ఎట్లా అంటాడు. అది తనకూ తెలుసు. స్తంభాల పని ఎప్పుడుంటుందో ఎప్పుడుండదో, ఈ ఇంట్లో నెలనెలా తప్పకుండా వచ్చేది తన జీతమొక్కటే. పరీక్షల ల్యాబులో కడ్డీని కడగకుండా పెట్టిందని పేరు పడితే, ఇక్కడే కాదు, ఇంకే ల్యాబూ గడప తొక్కనివ్వదు. నోరు మూసుకుంటే? మూసుకుంటే కొమురెల్లన్న పోతాడు. అంతే. తనకేమీ కాదు. ఆ 'తనకేమీ కాదు' అన్న మాటే ఆమెను పడుకోనివ్వలేదు.

మర్నాడు గంగాధరరావు గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసి చెప్పింది. చెప్పడం రెండు ముక్కల్లో అయిపోయింది. "సార్, కడ్డీ మీది బొట్టు నేను కడగలేదు. అందులో సీసం ఉంటది. మరకను మీరు సూడుర్రి."

ఆయన చూశాడు. ఈసారైనా అరుస్తాడని ఆమె బిగపట్టుకుని నిలబడింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వేళ్లు ఆగి ఆగి కదులుతున్నాయి. అప్పుడు ఆమెకు అర్థమైంది, భయం ఈ గదిలో తనొక్కదానికే లేదని.

"బొట్టు పెట్టుమన్నది నేనే గదా" అన్నాడు చివరికి. "ఈ ముచ్చట బయటికి పోయిందనుకో, కడ్డీలకు పూజలు చేసే ల్యాబు అని నవ్వుతరు. నవ్వుతె నవ్వనీ, ఇన్నేండ్లు ఇచ్చిన రిపోర్టులన్నీ తిరగతోడుతరు. ఇక్కడ పదిమంది బతుకుతున్రు నీలవేణీ. చెయ్యి వణికిందంటే ఒక్క మనిషి తప్పు. గదే మేలు."

"కొమురెల్లన్న తప్పు లేదు గద సార్."

"వాడు ఎట్లయినా ఇయ్యాల గాకుంటె రేపు పోయేటోడే. నేనేమన్న వట్టిచేతుల్తోని పంపుతనా? నువ్వు పో, పని చూస్కో." ఆమె తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి మళ్లీ అన్నాడు, "నీ మేలు కోరే చెప్తున్న."

ఆ రోజంతా కొమురెల్లి మొహం చూడలేకపోయింది. ఆయన మామూలు కంటే నెమ్మదిగా, బిళ్లలన్నీ గుడ్డతో తుడిచి బరువు వారీగా పేర్చిపెట్టాడు. అప్పజెప్పి పోయేవాడి లాగా ఉంది ఆ పేర్చడం. ఒకసారి దగ్గరికొచ్చి, "బిడ్డా, నీకొక మాట..." అని ఏదో అనబోయాడు. ఆమె విననట్టు మీటర్ల దగ్గరికి వెళ్లిపోయింది. తనను ఓదారుస్తాడేమోనని భయం. ఓదారిస్తే అక్కడే కూలబడేది.

చర్లపల్లి నుంచి పద్మశ్రీ వచ్చింది. అచ్చు వేసే మిషన్ నడిపేది ఆమే, కంపెనీలో ఇంజనీరు. సన్నగా, గట్టిగా, మాట ఖరాఖండిగా ఉండే మనిషి. విరిగిన ముక్కలు చేతిలోకి తీసుకుని, "ఇది నా లోహం విరిగే తీరు కాదు" అంది వెంటనే. "మాది తొందరగా సాగుతుంది, కొట్టి చేసినదాని కంటే ముందే తెగుతుంది, అది నాకూ తెలుసు. ఎంత ముందు అన్నదే నాకు కావాలి. కానీ సాగకుండా మెడ దగ్గర విరగదు. ఏమైంది సార్?"

గంగాధరరావు కుర్చీలో ముందుకు జరిగాడు. "బరువులు పెట్టే మనిషి పెద్దోడైండమ్మా. చెయ్యి కుదిరినట్టు లేదు. మనిషిని మారుస్తున్న..."

నీలవేణి టీ కప్పులు పెడుతోంది. బయట గుమ్మం అవతల, ఉండొద్దన్నందుకు కొమురెల్లి గోడవారగా నిలబడి ఉన్నాడు. కాలి చెప్పులు కనబడుతున్నాయి. ఎందుకో ఆ చెప్పులు చూస్తుంటే ఆమెకు నిలవడం చేతకాలేదు.

"చెయ్యి కాదు మేడం. నేను కడ్డీని కడగలే" అంది. అన్నాక ఆపడం కూడా చేతకాలేదు. పూజ, సిందూరం, పొడిగుడ్డ, పచ్చ మరక, అన్నీ చెప్పింది. బొట్టు పెట్టమన్నది ఎవరో మాత్రం చెప్పలేదు. చెప్పే ధైర్యం చాలలేదు.

పద్మశ్రీ భూతద్దంతో మరకను చూసి, సంచి మూతి తనే కట్టేసి, "ఇంకో కడ్డీ ఉంది కదా. రేపు నా కళ్ల ముందు పెట్టండి. అదొక్కటే నాకు మిగిలింది" అంది. గంగాధరరావు నీలవేణి వైపు తిరిగి, చాలా మర్యాదగా, "రేపటి పని కానియ్యి. తర్వాత కూసొని మాట్లాడుదాం" అన్నాడు.

ఆ మాట తన దాకా వస్తే ఎట్లుంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

మర్నాడు కవరులోని కడ్డీని అసిటోన్‌లో ముంచి, కడిగి, మళ్లీ ముంచింది. చేతి తొడుగుల లోపల వేళ్లు చెమటతో జారుతున్నాయి. కొలిమి ఎర్రబారింది. వేడి కుదురుకుంది. ఈసారి పద్మశ్రీ గడియారం ముల్లు మీద కన్ను వేసి కూర్చుంది. గంగాధరరావు తలుపు దగ్గర నిలబడ్డాడు. నీలవేణిని కూడా ముందువైపే ఉండమన్నారు, అందరూ అన్నీ చూడాలని.

తప్పు చేతిది కాదని తేలిందనుకుని బిళ్లల పని మళ్లీ కొమురెల్లికే ఇచ్చారు. ఆయన మొదటి బిళ్ల ఎత్తాడు. అది అన్నిటికంటే చిన్నది, అరచేతిలో పట్టేంత. పళ్లెం మీదికి తెచ్చి, ఊపిరి బిగబట్టి, దించాడు. టిక్కుమంది. ముల్లు ఉలిక్కిపడ్డట్టు లేచి మళ్లీ తన చోటికి వచ్చింది.

నీలవేణి చూసింది. పద్మశ్రీ చూసింది. ఇది చిన్న బిళ్ల, కడ్డీకి ఏమీ కాదు. పెద్ద బిళ్లలు ఇంకా ముందున్నాయి. ఆయన రెండోది ఎత్తాడు. ఈసారి బిళ్ల పళ్లెం దాకా రాలేదు, నడుమనే ఆగిపోయింది. చెయ్యి మణికట్టు దగ్గర నుంచి వేళ్ల దాకా వణుకుతోంది. దాన్ని ఎడమ చేత్తో పట్టి ఆపబోయాడు. ఆగలేదు. బిళ్లను తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

"నా తోటి కాదు సార్" అన్నాడు. ఎవరినీ చూడకుండా, కొలిమి వైపు తిరిగి చెప్పాడు. "మొన్న ఆఖరి బిళ్ల, పెద్దది, జారి పడ్డది. ముల్లు గంతెత్తు ఎగిరింది. ఈ పిల్ల ఎనకున్నది, చూడలే, రొదల చప్పుడు గూడ వినలే. నేను చెప్పలే. నిన్న మీ రూముల ఆమె చెప్తుంటె బయట నిలవడి విన్న. అప్పుడన్న లోపటికి రావల్సుండె. కాళ్లు రాలే."

"మరి దేంతో విరిగినట్టు?" అంది పద్మశ్రీ. ఎవరినీ అడిగినట్టు లేదు. బొట్టుతో విరిగిందా, కుదుపుతో విరిగిందా, రెండూ కలిసి విరిచాయా, ఆ ముక్కలను ఎంత చూసినా ఎవరూ చెప్పలేరు. ఆమెకూ తెలుసది.

నీలవేణికి మొట్టమొదట కలిగింది ఏమిటంటే, హాయి. నా ఒక్కదాని తప్పు కాదు, అన్న హాయి. ఒక్క క్షణమే. ఆ వెంటనే, నాలుగు రోజులుగా పని పోతుందని భయపడ్డదానికంటే ఎక్కువగా, తన మనసును చూసి తనే భయపడింది. తనను కాపాడదామని ఆ మనిషి నోరు తెరిచాడు, తెరిచి ఆయన అన్నం ఆయనే తన్నుకున్నాడు, తనకేమో మొదట హాయి కలిగింది.

"కొలిమి ఆపమంటారా?" అంది పద్మశ్రీ.

"వద్దు మేడం" అన్నాడు కొమురెల్లి. "మొదటి దాని తోటి ఏం కాలే. ఈ పిల్ల పెడ్తది." తన చేతి తొడుగులు తీసి ఆమెకిచ్చాడు. ఆమెకవి పెద్దవి.

"నాకు రాదన్నా. నేనెన్నడు పెట్టలే."

"నేను చెప్త. నన్ను చూడకు, పళ్లెం చూడు. బిళ్లను పెట్టకు, పళ్లెమే పైకొచ్చి తీసుకుంటదనుకో. ఊపిరి విడు, బిగవట్టకు. నేను బిగవట్టే చెడిపోయిన. ఆఁ, ఇంక కిందికి... ఇంక... చెయ్యి తియ్యకు, బరువు పోయినంక తియ్యి."

ఒకటి. మళ్లీ ఒకటి. కొలిమి సెగ మొహానికి కొడుతోంది. చెమట కంట్లో పడినా తుడుచుకోలేదు. ఒక్కో బిళ్లకూ వెనకాల ఆయన గొంతు వినబడుతూనే ఉంది. ఆ గొంతులో వణుకు లేదు. పెద్ద బిళ్ల రెండు చేతులతో ఎత్తి దించేటప్పుడు ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. ముల్లు కదిలింది. ఎగరలేదు. ఎంత కదలాలో అంతే, మెల్లగా, జరిగి నిలిచింది.

"పెట్టిన" అంది నీలవేణి. పద్మశ్రీ టైము రాసుకుని, చాలాసేపు ముల్లునే చూసి, తలూపింది. ఇక ఇది ఎప్పుడు తెగినా లోహం గుణమే, మనుషులది కాదు.

కొమురెల్లి అప్పటికే గదిలో లేడు. బయట నల్లా కింద మొహం కడుక్కుంటున్నాడు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టేసుకున్నాడు. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది.

"రేపు పొద్దుగాల వస్తవా అన్నా?" అంది.

"సార్ రమ్మంటె వస్త."

గంగాధరరావు గుమ్మంలోనే ఉన్నాడు. ఆయన విన్నాడని ఆమెకు తెలుసు. తన సంగతే ఇంకా తేలలేదనీ తెలుసు. ఆయన వైపు చూడకుండా, కాస్త గట్టిగానే అంది:

"నేను రమ్మంటున్న. నువ్వు పక్కన నిలవడి చెప్పకుంటె నాకు పెట్టరాదు."

గంగాధరరావు కళ్లద్దాలు తీశాడు. తుడుచుకోకుండా చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.